పెద్ద టికెట్ వాళ్లదే మొదటి పాట

కండక్టర్ కాక పోయాడన్న సంగతి తెలిసేసరికి నా చేతిలో కత్తెర ఉంది. నారాయణఖేడ్‌లో నా బట్టలు కుట్టే దుకాణానికి, కాక వాళ్ల ఇంటికి మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ శనివారం పొద్దున చిన్నమ్మ, అంటే కాక భార్య, గోడ మీదుగా తల పెట్టి, "బిడ్డా, మీ కాక ఎంత లేపినా లేస్తలేడు. జర వచ్చి సూడు" అంది. నేను పోయి చూసేసరికి ఒళ్లు చల్లబడింది. మంచం పక్కన ఛాయ్ పోసింది పోసినట్టే ఉంది. ఒక్క రోజు కూడా మంచాన పడలేదు, దవాఖాన మెట్లెక్కలేదు.

శవాన్ని ఇంకా వాకిట్లోంచి లేపనే లేదు. మా ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ, "ఈయేడు గుట్ట మీద పాటలు బంద్ పెట్టుకుందాం ఇగ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపారు. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. పాటల పండుగ పై ఆదివారమే. అంటే కాక పోయిన తొమ్మిదో రోజు.

ఆ పండుగ గురించి తెలియనివాళ్లకు చెప్పాలి. కాకదీ నాదీ ఒకటే ఊరు, కంగ్టి దాటినాక, కర్ణాటక పొలిమేర దగ్గర. ఊరి వెనక బోడి గుట్ట ఒకటి ఉంది. ఏటా కందులు కోసి కల్లాలు ఎత్తినాక వచ్చే ఆదివారం, పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే దాకా ఆ గుట్ట మీద పాడతారు. తత్వాలు, నాట్ల పాటలు, కన్నడ భజనలు, తండా ఆడవాళ్ల పాటలు, ఏవైనా సరే. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, శాలువాలు ఉండవు. ఇంటికొకరు జొన్న రొట్టెలు, పప్పు మోసుకొస్తారు. దీన్ని నడిపేది ఊరే. ఊరిని నడిపించింది మాత్రం కాక.

కాక ఈ దారిలోనే బస్సు కండక్టర్‌గా చేశాడు. బస్సులో ఎవరైనా సన్నగా కూనిరాగం తీస్తే చాలు, టికెట్లు కొట్టడం ఆపి పక్కన నిలబడేవాడు. చేతిలోని టికెట్ కటింగ్ మిషన్‌తో సీటు కమ్మీ మీద తాళం వేసేవాడు. దిగేటప్పుడు, "ఏ ఊరు మీది? ఇంకెన్నొస్తయ్ నీకు?" అని అడిగి రాసుకునేవాడు. రిటైరయ్యాక అదే బస్సెక్కి సిర్గాపూర్, కల్హేర్ దిక్కు పల్లెలన్నీ తిరిగి, ఆ రాసుకున్న మనుషులను వెతికి పట్టుకున్నాడు. కొందరు చచ్చిపోయారు. కొందరు కూలికి పట్నం పోయారు. దొరికినవాళ్లను గుట్టకు పిలిచాడు. మొదటి ఏడు పదిమంది కూడా రాలేదు. మేము వాళ్లు వస్తారు వీళ్లు వస్తారని చూస్తూ కూర్చుంటే కసిరాడు. "బస్సు ఖాళీగుందని టైముకు తియ్యకుంటమా? పాడుండ్రి."

ఒకసారి నా ఫోన్లో ఒక వీడియో చూపించాను. ఎక్కడో స్కాట్లండ్ కొండల్లో చిన్న పల్లె. ఊరివాళ్లే గుడారాలు వేసుకుని, వంటలు చేసుకుని, తాతల నాటి పాటలు పాడుకుంటున్నారు. ఒకాయన తోలు సంచి చంకలో నొక్కుతూ ఊదుతున్నాడు. కాక ఫోను గుంజుకున్నాడు. "ఏయ్, గిది మన తిత్తే కదనే!" మా దిక్కు బాగోతం ఆడేవాళ్లు శ్రుతి కోసం చంకలో పెట్టుకునే గాలిసంచిని తిత్తి అంటారు. ఆ వీడియో నాలుగుసార్లు చూసి, "గాళ్లకు గుట్టలే, మనకు గుట్టలే. గాళ్లు సిగ్గు పడ్తలేరు, మనకెందుకే సిగ్గు?" అన్నాడు. తర్వాత నెల రోజులు దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ ఆ వీడియో చూపించమని నా పని చెడగొట్టాడు.

గుట్ట మీద ఎవరు ముందు పాడాలన్న దానికి ఆయన కండక్టర్ లెక్క ఒకటి పెట్టాడు. వచ్చినవాళ్లు బస్సు టికెట్ చూపించాలి. ఎవరు ఎక్కువ దూరం నుంచి వస్తే వాళ్లది మొదటి పాట. కులం లేదు, పెద్దరికం లేదు. ఊరివాళ్లు చివర. టికెట్లు చూసి పేర్లు రాసే పని నాది.

ఆ పనిలో నేనొక తప్పు చేశాను. ఒక ఏడు హైదరాబాద్ నుంచి ఒకాయన పెద్ద కారులో దిగాడు. వెంట నలుగురు మనుషులు, ఇస్త్రీ మడతలు. అందరికంటే దూరం తనదేనన్నాడు. నాకు భయమేసి ఆయన పేరు పైన రాశాను. కాక వచ్చి కాగితం చూశాడు.

"టికెట్ ఏదన్నా?" అని అడిగాడు ఆయన్ని.

"కారుల వచ్చిన. టికెట్ ఏంది?"

"గట్లనా. టికెట్ లేని ప్యాసింజర్ ఆఖరుకు పాడాలె. కూసో, రొట్టె తిను."

ఆ ఏడు మొదటి పాట పుణెలో ఇటుకలు మోసి, రైలు దిగి, రెండు బస్సులు మారి వచ్చిన తండా అవ్వది. కారాయన చివరిదాకా కూర్చున్నాడా? లేదు. కాక బాధపడ్డాడా? అదీ లేదు. నన్ను మాత్రం పక్కకు పిలిచి, "బెదిరినవ్ కదా? బెదురు. కానీ కలం బెదరొద్దు" అన్నాడు. ఇప్పటికీ ఎవరైనా గదమాయిస్తే నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

పోయిన ఏడు టౌన్లో ఒకాయన ఫంక్షన్ హాలు ఇస్తానన్నాడు. లైట్లు, సౌండ్ బాక్సులు, ద్వారం దగ్గర ఆయన ఫోటోతో ఫ్లెక్సీ. కాక చేతులు జోడించి వద్దన్నాడు. ఆ హాలాయనే కాక దినాలు తీరకముందే మళ్లీ వచ్చాడు. ఈసారి ఫ్లెక్సీలో కాక ఫోటో కూడా వేస్తాడట. ఊరి పెద్దలేమో పండుగే వద్దంటున్నారు. ఒకరు ఆపుతామంటే ఒకరు ఎత్తుకుపోతామంటున్నారు. రెంటికీ పేరు మర్యాదే.

నేను కాక వాకిట్లోనే పెద్దమనుషులకు ఎదురు నిలబడ్డాను. "మైల ఉంటే ఇంటికుంటది. గుట్టకేం మైల?" అన్నాను. "ఆడిదానివి, నీకెందుకు గీ లొల్లి?" అన్నాడు తువ్వాల పెద్దమనిషి. "ఒక్క ఏడు ఆపితే ఏం మునుగుతది?" అన్నాడు ఇంకొకాయన. ఏం మునుగుతుందో నాకు తెలుసు. మా పల్లెల్లో ఒక ఏడు ఆగింది ఏదీ మళ్లీ మొదలు కాలేదు. బడి ఆగింది, బాగోతం ఆగింది. పాడేవాళ్లలో సగం మంది డెబ్బై దాటినవాళ్లు. వాళ్లకు వచ్చే ఏడని చెప్పడానికి మనమెవరం?

మూలకు కూర్చున్న చిన్నమ్మ అప్పుడు నోరు విప్పింది. "పాట ఆపితె ఆయన లేసొస్తడా? రాడు కదా. మరి నడువనియ్యుండ్రి." అంతే. పెద్దమనుషులు తువ్వాళ్లు దులుపుకుని లేచారు. ఫంక్షన్ హాలాయనకు నేనే చేతులు జోడించి వద్దన్నాను.

ఆదివారం గుట్ట నిండింది. బీదర్ దిక్కు నుంచి కన్నడ భజన వాళ్లు వచ్చారు. పట్నం పోయినవాళ్లు కూలి మానుకుని వచ్చారు. టికెట్లు చూసి పేర్లు రాశాను, కలం బెదరలేదు. కానీ మొదటి పాట అందుకున్న ముసలాయన రెండో చరణానికి ఏడుపు ఆపుకోలేక పాట ఆపేశాడు. ఆయన్ని చూసి ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. పండుగ పండుగలా లేదు, మళ్లీ కాక వాకిలే అయింది. పెద్దమనుషులే గెలిచారనుకున్నాను.

అప్పుడు చిన్నమ్మ గుట్టెక్కి వచ్చింది. తొమ్మిదో రోజు గడప దాటిన మనిషిని చూసి కొందరు నోళ్లు నొక్కుకున్నారు. ఇన్నేళ్లలో ఆమె గుట్ట మీద పప్పు వడ్డించిందే కానీ ఒక్కసారి కూర్చుని పాట విన్నది లేదు. నేరుగా వచ్చి ముసలాయన ఎదురుగా కూర్చుంది. "ఏడ్వనీకి నా ఇల్లుంది. ఈడ పాడుండ్రి" అంది. రెండు చేతులూ ఎత్తి చప్పట్లతో తాళం మొదలుపెట్టింది. ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజులు. తెల్లారితే తీసేయాల్సిన గాజులు. గలగలా ఒకటే మోత. ముసలాయన గొంతు సవరించుకుని చరణం ఎత్తుకున్నాడు. పొద్దుగూకే దాకా ఒక్క పాటా ఆగలేదు.

పదో రోజు ఆడవాళ్లు గాజులు తీయడానికి వచ్చారు. చిన్నమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. "వచ్చే యేడు తాళం ఏంతోటి ఎయ్యాలె? పోండ్రి" అంది. బతిమాలారు, భయపెట్టారు, చివరికి శాపనార్థాలు పెట్టి పోయారు. ఇది రాస్తుంటే గోడ అవతల ఆమె చాటలో కందులు చెరుగుతోంది. ఆ గాజుల చప్పుడు నా కుట్టు మిషన్ చప్పుడును మించి వినిపిస్తోంది.