పైనుంచి మొదలయ్యే లెక్క

మొన్న ఆదోనిలో మా పక్కింటివాళ్లు మేడ మీద గది లేపుతుంటే అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. కింద ఒకామె ఇటుక విసురుతోంది, పైన ఒకతను అందుకుంటున్నాడు. ఊరికే చూస్తున్నానంటే అబద్ధం. గోడ మా జాగాలోకి జరుగుతుందేమోనని కాపలా కూర్చున్నాను. అనుమానం నాకు కొత్తది కాదు. ఎమ్మిగనూరులో దుప్పటి కొంటే అంగట్లోనే విప్పించి, మూరలు వేసి చూస్తాను. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన ముప్పై ఏళ్లూ, ప్రతి సరైన జవాబు వెనకా ఎక్కడో ఒక చీటీ ఉందనే నమ్మాను.

ఇటుక పైకి వెళ్లి, రెప్పపాటు ఆగి, అతని చేతుల్లో చేరుతుంటే కోసిగి వైపు నుంచి వచ్చి చదువుకున్న ఒక పిల్ల గుర్తొచ్చింది.

వానలు మొహం చాటేసిన ఏడాది అది. ఊళ్లకు ఊళ్లు సుగ్గికని పనులు వెతుక్కుంటూ వలసపోయాయి. ఆ పిల్ల కూడా తల్లి వెంట బెంగళూరు పోయి మూడు నెలలు క్లాసుకు రాలేదు. వచ్చిన వారానికే పరీక్ష. నిట్టనిలువుగా విసిరిన బంతి ఇరవై మీటర్లు లేస్తే, విసిరిన వేగమెంత? క్లాసంతా నేను చెప్పినట్టే నేల దగ్గర మొదలుపెట్టి, గురుత్వ త్వరణానికి మైనస్ పెట్టింది. సగం మంది ఆ మైనస్ దగ్గరే బోల్తా పడ్డారు. ఈ పిల్ల మాత్రం పైనుంచి మొదలుపెట్టింది. బంతి అక్కడ ఆగింది, అక్కణ్నుంచి ఇరవై మీటర్లు పడింది, నేల దగ్గర సెకనుకు ఇరవై మీటర్ల వేగం. కాబట్టి విసిరిందీ అంతే వేగంతో. మైనస్ ఊసే లేదు, జవాబు మాత్రం సరైనది. నేను చెప్పని దారిలో వచ్చింది గనక అది దొంగ జవాబేనని తీర్మానించాను. కాపీ కొట్టిందని రిపోర్టు రాసి జేబులో పెట్టుకున్నాను. అది ప్రిన్సిపాల్ బల్ల మీదికి చేరితే ఆమెకు హాల్ టికెట్ రాదు, మళ్లీ సుగ్గే.

"ఎవురిది సూసి రాసినావు?" అని నిలదీశాను.

"ఎవురిదీ సూడలేదు సార్. అమ్మ కిందనుంచి ఇటుక ఇసిరేది, నేను పైన నిలబడి పట్టుకునేదాన్ని. ఇటుక ఆగే తావులోనే పట్టుకోవాల. నాకు లెక్క ఆడినుంచే మొదలైతాది."

నాకు నమ్మకం కుదర్లేదు. కథలు బాగా చెబుతోందనుకున్నాను. పట్టిద్దామని, "అయిదు మీటర్ల పైనుంచి ఇటుక జారితే కిందికి రావడానికి ఎంతసేపు?" అన్నాను.

ఆమె సుద్దముక్క ముట్టుకోలేదు.

"ఒక సెకను సార్. ఒకసారి జారింది. 'అమ్మా' అని అరిసేకి గూడా సాల్లేదు. అమ్మ ఎడమ చెయ్యి ఇప్పుటికీ పైకి లేయదు."

రిపోర్టు చించేశాను. ఆమె పరీక్ష రాసి పాసయింది.

పక్కింటి మేడ మీద ఇటుకలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. గోడ ఎటు జరుగుతోందో చూడటం మరిచిపోయి, కింద నిలబడ్డామెనే చూస్తున్నాను. కాలం ఎంతో కనుక్కోమని ముప్పై ఏళ్లు పిల్లల్ని అడిగినవాణ్ని, ఒక సెకను ఎంతో నాకు ఆ రోజే తెలిసింది.