బాలమణి కడిగిన గది

మా పక్కింటి బాలమణి భయపడగా నేనెన్నడూ చూడలేదు. అశోక్ చౌక్ వెనక నూలు తెల్లబరిచే కార్ఖానాలో పని, మగవాళ్లను సైతం గదమాయించే నోరు. అలాంటి మనిషిని మనవడు వణికించాడు. నెలలు నిండకుండా పుట్టి, పాపం, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెరిగాడు. ఇంటికి పంపేముందు నర్సు, చిన్న క్రిమి సోకినా వీడు తట్టుకోలేడని చెప్పింది. అంతే, బాలమణికి ముద్ద దిగలేదు.

ఉగ్గుగిన్నె, చెంచా, పొత్తిగుడ్డలు అన్నీ మరిగించింది. "జర జాస్తి చేస్తున్నవే" అన్నాను బీడీలు చుట్టుకుంటూ.

"నీకేమెర్క. కంటికి కనబడనిదాంతోని కొట్లాట నాది" అంది.

మనవడు వచ్చే పొద్దున గదంతా బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగింది. అక్కడితో ఊరుకోవచ్చుగా? కార్ఖానాలో బ్లీచింగ్ అయ్యాక నూలును మంచినీళ్లలో జాడించి, ఆపైన పలుచని యాసిడ్ నీళ్లలో ముంచుతారు. లేకుంటే మిగిలిన బ్లీచింగ్ దారాన్ని తినేస్తుంది. మరి పసివాడి ఒంటిని తినేస్తే? ఆ బెంగతో, తడి నేల మీదే పాయిఖానా కడిగే యాసిడ్ గుమ్మరించింది. కార్ఖానా అంటే ఆరుబయలు. ఇదేమో ఇరుకు గది, పైగా దుమ్ము రాకూడదని కిటికీ కూడా మూసింది.

పచ్చటి పొగ లేచి గొంతు పట్టేసింది. సరిగ్గా అప్పుడే ఆటో ఆగి, కోడలు శీతల్ బిడ్డతో దిగింది. బాలమణి పాక్కుంటూ బయటపడి, తలుపు లాగేసి, దానికి అడ్డం నిలబడింది. నోరు తెరిస్తే దగ్గే గాని మాట రాలేదు. దిష్టి తీస్తుందనుకుని కోడలు నవ్వుతూ దగ్గరికొస్తే, భుజం పట్టి ఒక్క తోపు తోసింది.

"బాలింతను నూకుతవా, సిగ్గులేదా" అని మా గడపలోంచి ఉరికొచ్చి తిట్టాను, నా నోరు పడిపోను. అంతలో తలుపు సందులోంచి ఆ ఘాటు నా ముక్కుకు తగిలింది. బిడ్డను కొంగులో చుట్టుకుని అందరం సందు చివరికి పరుగెత్తాం.

ఆ రెండూ కలిస్తే విషపు గాలి పుడుతుందని, పెద్దవాళ్లే తట్టుకోవడం కష్టమని డాక్టరు చెప్పాడు. మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే. బాలమణిని ఆస్పత్రిలో ఉంచి ఆక్సిజన్ పెట్టారు. పిల్లాడికి ఏమీ కాలేదు.

ఇంటికొచ్చాక ఆమె వాణ్ని ముట్టుకోలేదు. మూలన కూర్చుని, "ఏ క్రిమో ఎందుకే, నేనే సంపుతుంటి గద" అంటుంది. నిన్న శీతల్ విసిగిపోయి బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టేసింది.

"ఆ దినం నువ్వు నన్ను నూకకుంటె వీడు ఉండకపోతుండె అత్తమ్మా. పట్టుకో."

పట్టుకుంది. తన ఊపిరి వాడికి తగలకుండా, మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి పట్టుకుంది.