సున్నంలో ఉడికిన గుడ్డు

కోడిగుడ్డు ఆలోచన నాదే. పుస్తకంలో లేదు, హెడ్మాస్టరుగారు చెప్పిందీ కాదు. అరవైల మొదట్లో, నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, తడ దగ్గర పులికాట్ సరస్సు ఒడ్డున ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. మా వంశం మొత్తానికి డిగ్రీ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాకు కొమ్ములు మొలిచాయి. ఎవరేమడిగినా తెలియదనడం నా వల్ల అయ్యేది కాదు. ఏదో ఒక జవాబు చెప్పేసి గెలిచాననుకునేవాణ్ణి.

ఆ ఊళ్ళో చాలామంది చేపలు పట్టేవారు. కొన్ని కుటుంబాలు గుల్ల కాల్చేవి. సరస్సులోంచి గంపలకెత్తిన గుల్లను, అంటే ఆల్చిప్పల పెంకులను, కడిగి, ఆరబెట్టి, బట్టీలో బొగ్గూ గుల్లా పొరలు పొరలుగా పేర్చి కాలిస్తే సున్నం వస్తుంది. గోడలకు వేసేదీ అదే, తమలపాకుకు రాసుకునేదీ అదే. ఊరు చేరిన మొదటి నెల ఆ పొగను తిట్టుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.

తొమ్మిదో తరగతిలో ఇద్దరే ఆడపిల్లలు. వారిలో ఒకమ్మాయి బట్టీవాళ్ళ కూతురు. కార్బొనేట్ల పాఠం చెప్పే రోజున గుల్ల ముక్క ఒకటి, గుడ్డు పెంకు ఒకటి, పాలరాయి ముక్క ఒకటి బల్ల మీద పెట్టి మూడింటి మీదా ఆమ్లం చుక్కలు వేశాను. మూడూ బుసబుస పొంగాయి. చూడటానికి వేరైనా మూడూ కాల్షియం కార్బొనేటేననీ, ఆ పొంగులో పోతున్నది బొగ్గుపులుసు వాయువనీ చెప్పి, ఆ వాయువును సున్నపు తేటలోకి పంపాను. తేట పాలలాగా తెల్లబడింది. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ అమ్మాయి మాత్రం లేచి నిలబడింది.

"సార్, గుల్ల కాల్చినాక గంప తేలిగ్గా ఉంటాది. ఈ గాలి పోబట్టేనా?"

నేను ఆ తర్వాత చెప్పాలని దాచుకున్న సంగతి అది. గంప నెత్తికెత్తుకున్న పిల్ల నాకంటే ముందే చెప్పేసింది. ఆ సాయంత్రమే బట్టీకి వెళ్ళి, ఈ పిల్లను ఎలాగైనా ఎస్సెల్సీ దాకా చదివించాలని వాళ్ళ నాన్నతో చెప్పాను. ఆయన తువ్వాలుతో చేతులు దులుపుకుని, "మీరు చదవమన్నంత కాలం చదువుద్ది అయివోరా" అన్నాడు.

మర్నాటి ప్రయోగానికి నీళ్ళు తగలని పొడి సున్నం కావాలని అడిగాను. ఆయన సున్నం డబ్బాలో పోస్తుంటే బట్టీ పక్కన మూత పెట్టిన కుండ ఒకటి కనిపించింది. తాగే నీళ్ళా అని అడిగాను.

"తాగేదానికి గాదు అయివోరా. సున్నం కంట్లో పడితే మొగం ముంచేదానికి. మా తాత కాలం నుంచీ ఈడే ఉండాది."

నాకు లోలోపల నవ్వొచ్చింది. సున్నానికి నీళ్ళు పోస్తే ఏమవుతుందో వీళ్ళకంటే నాకు బాగా తెలుసుననుకున్నాను.

మర్నాడు ఒక చట్టిలో ఆ సున్నం పోసి, మధ్యలో గుడ్డు పెట్టి, పైన నీళ్ళు పోశాను. చట్టి కుతకుతలాడింది. ఆవిరి కప్పు దాకా లేచింది. వెనక బెంచీవాళ్ళు బెంచీలెక్కారు. కాసేపాగి గుడ్డు తీసి, పెంకు ఒలిచి, ఉడికిన తెల్లసొన అందరికీ చూపించాను. గారడీవాడికి కూడా అంత గర్వం ఉండదు. అప్పుడా అమ్మాయి మళ్ళీ లేచింది.

"సార్, కంట్లో పడితే మా నాయన కుండలో మొగం ముంచుతాడు. మంచిదేనా?"

నాకు తెలియదు. తెలియదని చెప్పి, తెలుసుకుని వస్తానంటే పోయేది. చేతిలో ఉడికిన గుడ్డు ఉంది, తరగతంతా నన్నే చూస్తోంది.

"అది మోటు పద్ధతి. గుడ్డు ఏమైందో చూశావు కదా. నీళ్ళు తగలనివ్వకూడదు" అన్నాను.

ఆమె ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. రాసుకుంటుంటే చూసి సంతోషించాను కూడా.

నెల తిరక్కుండా ఒక ఆదివారం పొద్దున వాళ్ళ అమ్మ నా గది ముందుకొచ్చి ఏడుస్తూ నిలబడింది. భర్త కంట్లో సున్నం పడిందనీ, నెల్లూరు ఆసుపత్రికి తోడు రమ్మనీ అడిగింది. బట్టీ విప్పుతుండగా గాలి మళ్ళిందట. బస్సులో ఆయన కంటికి పొడిగుడ్డ కట్టుకుని పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. కూతురు ఆయన చెయ్యి వదల్లేదు. మిగతాది వాళ్ళ అమ్మ చెప్పింది.

"కుండ కోసరం తడుముకుంటా వచ్చినాడయ్యా. ఈ పిల్ల కుండ లాగేసి, నీళ్ళన్నీ ఇసకలో పారబోసింది. తగలకూడదు నాయనా, ఉడికిపోద్ది అని ఒకటే అరుపు."

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. ఆ బస్సు ఎక్కడన్నా బోల్తా పడితే బాగుండునని అనిపించింది. నిజంగానే అనిపించింది.

డాక్టరుగారు గుడ్డ విప్పి, నీళ్ళు ధారగా పోస్తూ చాలాసేపు కడిగారు. ఆ తర్వాత కోపంగా, పడగానే ఎందుకు కడగలేదని అడిగారు.

"నీళ్ళు తగిలితే ఉడికిపోద్దని..." అంది ఆ అమ్మాయి.

"కన్నే తడి కదమ్మా. సున్నానికి కావలసిన నీళ్ళు అందులోనే ఉన్నాయి. కుండెడు నీళ్ళు పోసి ఉంటే సున్నం కొట్టుకుపోయేది, కన్ను దక్కేది. నీళ్ళు పోయకూడదని ఎవరు చెప్పారు నీకు?"

నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

"ఎవురూ చెప్పలా సార్. నేనే అనుకున్నా" అంది.

నేను మందుల చీటీ అందుకుని బయటికి నడిచాను.

ఆయన కుడికన్ను పోయింది. కట్టు తీసిన రోజున చూశాను, నల్లగుడ్డు మీద తెల్లసొన లాంటి పొర. అప్పటి నుంచి నేను ఉడికిన గుడ్డు ముట్టలేదు.

ఆ అమ్మాయి మళ్ళీ బడికి రాలేదు. నాలుగక్షరాలు వచ్చేసరికి తండ్రి కన్నే తీసిందని వాళ్ళ అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. అది నా చెవినా పడింది. ఇవాళ వెళ్ళి నిజం చెబుదాం, రేపు వెళ్ళి చెబుదాం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. తప్పు నాదని తెలిస్తే ఆ పిల్ల మీద నింద పోతుంది, బడికైనా పంపుతారేమో. అంత తెలిసీ కాలు కదల్లేదు. ఊరివాళ్ళు ఏమంటారో, ఉద్యోగం ఏమవుతుందో, మా ఊళ్ళో తెలిస్తే తలెలా ఎత్తుకోవాలో, ఇవే నా బెంగలు.

చివరికి ఒక సాయంత్రం వెళ్ళాను. ఆమె ఒక్కతే బట్టీ దగ్గర కూర్చుని గుల్లలో చెత్త ఏరుతోంది. పక్కన కొత్త కుండ, నిండా నీళ్ళు.

"మీ నాన్నతో నిజం చెప్పడానికి వచ్చానమ్మా. ఆ మాట చెప్పింది నేనేనని" అన్నాను.

ఆమె ఏరడం ఆపలేదు.

"చెప్పొద్దు సార్. బళ్ళో చెప్పేది తప్పని తెలిస్తే మా తమ్ముణ్ణి గూడా మానిపిస్తారు. నా చదువు ఎట్టాగూ పాయె. వాడన్నా చదువుకోనీండి."

ఆ మాట విని నాకు సిగ్గు కలగాలి. కలిగింది కూడా, కానీ తర్వాత కలిగింది. ముందు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది. చెప్పకుండా బయటపడటానికి నాకు దారి దొరికింది, అదీ ఆ పిల్లే చూపించింది. సరేనమ్మా అని వచ్చేశాను. దారిలో తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న సంగతి నాకింకా గుర్తుంది.

మూడేళ్ళకు ఆ తమ్ముడు నా తొమ్మిదో తరగతికి వచ్చాడు. కార్బొనేట్ల పాఠం వచ్చింది. గుడ్డు ప్రయోగం నేను ఏనాడో మానేశాను. పాఠం మొదట్లోనే, సున్నం కంట్లో పడితే ఏం చేయాలని అడిగాను. ఎవరూ లేవలేదు. చివరికి అతను లేచాడు.

"ఉత్త నీళ్ళు పోయాల సార్. కుండెడు పోయాల, ఆపకుండా పోయాల."

"ఎవరు చెప్పారు?"

"మా అక్క చెప్పింది సార్. అక్కకు బళ్ళో మీరే చెప్పినారంట."

తరగతంతా నన్నే చూస్తోంది. నేను కాదనలేదు. కూర్చోమన్నాను.