స్కూలు నాటకంలో అసిరమ్మ

యారాడ పల్లెలో ఉండే అసిరమ్మ బడి మొహం చూసి ఎరగదు. భర్త జగ్గారావు వేటకెళ్లి తెచ్చిన చేపల్ని బుట్టకెత్తుకుని మల్కాపురం వీధుల్లో అమ్మేది. ఒక్కగానొక్క కొడుకు గణేష్‌ని మాత్రం పట్టుబట్టి టౌనులో మగపిల్లల హైస్కూల్లో వేసింది. 1997లో వాడు తొమ్మిదో తరగతి.

ఆ స్కూలు కబుర్లంటే ఆమెకు భలే సరదా. అక్కడ ఆడపిల్లలు లేరు కాబట్టి పంద్రాగస్టుకి ముగ్గులేసేదీ, పెద్దలొస్తే హారతిచ్చేదీ మగపిల్లలే. ఇంట్లో చీపురు ముట్టని కొడుకు స్కూల్లో పద్మాల ముగ్గు నేర్చుకున్నాడని విని పొట్ట పట్టుకుని నవ్వింది. చొక్కా గుండీలు మాత్రం తరచూ ఊడొచ్చేవి. ఎవడితో కొట్టుకున్నావురా అంటే మైఖేల్‌తో అనేవాడు. మర్నాడు ఆ మైఖేల్ కోసమే కేరేజీలో ఇంకో చేప ముక్క పెట్టమనేవాడు.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్న ఆమె పండగ చీర పెట్టెలో కనబడలేదు. ఇల్లంతా వెతుకుతుంటే గణేష్ పుస్తకాల సంచిలోంచి ఎర్రంచు తొంగిచూసింది.

“ఏటిరా ఇది?”

వాడు నసిగాడు. వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారట. ఆడవేషాలూ వాళ్లే కట్టాలట. తెలుగు మాస్టారు జ్ఞానదాసుగారు వాడికి చేపలమ్మే ఆవిడ వేషం ఇచ్చారట.

అసిరమ్మ మొహం వాడిపోయింది. “మనల్ని సూసి నవ్వుకోడానికా?”

“నవ్వుతారమ్మా. నిన్ను సూసి కాదు, నీతో బేరమాడే బాబుని సూసి.”

 ఆమె సంచిలోంచి చీర తీసి వాడికి చుట్టి, బుట్ట ఎత్తినప్పుడు జారకుండా కొంగు ఎలా దోపాలో చూపించింది.

నాటకం రోజున చేపలు త్వరగా అమ్ముకుని, చీర మార్చుకుని వెళ్లి వెనక వరసలో కూర్చుంది. తెర లేచింది. నడుం మీద చెయ్యేసుకుని గణేష్ నడిచొస్తుంటే అచ్చం తనే. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంది. బేరగాడి వేషంలో మైఖేల్, మీసాలు దిద్దుకుని, పెదాలకు రంగేసుకుని వచ్చాడు. చేపను అటూ ఇటూ తిప్పి, ఇది మొన్నటిదిలా ఉందన్నాడు.

గణేష్ నోరు తెరిచాడు. మాట రాలేదు. చెప్పాల్సింది మరిచిపోయాడు. పిల్లలు ఈలలు మొదలెట్టారు. కొడుకు కళ్లలో బెదురు చూశాక అసిరమ్మ ఇక కూర్చోలేకపోయింది. లేచి నిలబడి, వీధిలో కేకేసే గొంతుతోనే అంది:

“మొప్ప ఎత్తి సూడు బాబూ, నీ పెదాల కంటే ఎర్రగున్నాది!”

 హాలంతా గొల్లున నవ్వింది. మైఖేల్ గబుక్కున చేత్తో పెదాలు మూసుకున్నాడు. గణేష్‌కి ప్రాణం లేచొచ్చింది. “ఇన్నావా బాబూ, మాయమ్మ సెప్పీసింది. ఇంక బేరమాడు,” అన్నాడు. ఆపైన వాడు ఎక్కడా తడబడలేదు.

ఆ రోజు వేసిన నాటకాల్లో వీళ్లదానికి రెండో బహుమతి వచ్చింది. అయినా పిల్లలందరూ అసిరమ్మ చుట్టూనే మూగారు. తమనూ అలాగే ఓ మాట అనమని అడిగారు. అడిగిన ప్రతివాడికీ ఆమె ఓ మాట అంటించింది. జ్ఞానదాసుగారు నవ్వుతూ వచ్చి దణ్ణం పెడితే ఆమెకు ఏం చెయ్యాలో తోచక ఆయనకు రెండు దణ్ణాలు పెట్టింది.

మర్నాడు జగ్గారావు వేట నుంచి వస్తే ఒడ్డునే నాటకమంతా ఆడి చూపించింది. అతను వల దులపడం మానేసి చూశాడు.

“మళ్లీ ఎప్పుడేస్తారు?” అనడిగాడు.

“వచ్చే ఏడు.”

“ఆ రోజు నాను ఏటకెళ్లను,” అన్నాడు జగ్గారావు.