మే నెల ఎండలో నా ధనియాలు

మీ తాతగారు ఉద్యోగమంతా ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేశారు కదర్రా, అందుకని లోకంలో ఏ పని ఆగినా వేడి చాలకే ఆగిందని ఆయన నమ్మకం. అన్నం పలుకైతే వేడి చాలలేదు. పెరుగు తోడుకోకపోతే వేడి చాలలేదు. ఆ నమ్మకంతోనే పోయిన మే నెలలో, నన్నొక్క మాటైనా అడక్కుండా, నా ధనియాలు పట్టుకెళ్లి మేడమీద మట్టి నింపిన ట్రేలో చల్లేశారు.

ఆ ధనియాల సంగతి మీకు తెలీదు. పెళ్లయి భిలాయి వచ్చేటప్పుడు మా అమ్మ విజయనగరంలో మూటకట్టి ఇచ్చిన రకం అది. గింజ సన్నం, ఆకు చిన్నది, వాసన మాత్రం పక్క క్వార్టర్ దాకా పోతుంది. బజార్లో దొరకదు. ఏటా చలికాలం వేసి, కొంత విత్తనానికి దాస్తూ వచ్చాను. కిందటిసారి పూత మీద వాన కొట్టి గుప్పెడే మిగిలింది. అది పోతే రకమే పోయినట్టు. డబ్బా మీద ‘విత్తనం, ముట్టుకోవద్దు’ అని రాసే ఉంచాను. ఇంజనీర్లు చదవగలరనే అనుకున్నాను.

“ఏటండీ ఇది?” అన్నాను ట్రే చూసి.

“చలికాలం దాకా ఆగడం ఏటికే? ఇంత ఎండ ఊరికే పోతంది.”

భిలాయిలో మే నెల మేడ మీద అప్పడాలు కాల్చుకోవచ్చు. అది చాలనట్టు, వేడి నిలవడానికి ట్రే కింద ఇనప రేకు కూడా పరిచారు. రోజూ నీళ్లు పోశారు, కళ్లజోడు సర్దుకుని చూశారు. ఒక్కటీ మొలవలేదు.

“నీ విత్తనం చచ్చిపోయిందే,” అని తేల్చేశారు.

పెద్దదానా, పుణెలో నువ్వు చదివే మొక్కల చదువు ఆ సాయంత్రమే నాకు అక్కరకొచ్చింది. నీకు వీడియో కాల్ చేశాం.

“చావలేదు తాతా,” అన్నావు నువ్వు. “గింజలో మొలకని ఆపే హార్మోన్ ఒకటి, లేపేది ఒకటి ఉంటాయి. వేడి ఎక్కువైతే ఆపేది పెరుగుతుంది, లేపేది తగ్గిపోతుంది. ఇప్పుడు లేస్తే మాడిపోతుంది కాబట్టి పడుకుంది. చల్లబడ్డాక చూడు.”

“లేపేదాని పేరేటమ్మా?”

“జిబ్బరెల్లిన్.”

అయిపోయింది. పాఠమంతా వదిలేసి ఆ ఒక్క పేరు పట్టుకున్నారు.

ఆ జిబ్బరెల్లిన్ పొడి పొట్లం తెప్పించారు. అది ఉత్త నీళ్లలో సరిగ్గా కరగదట, ముందు కొంచెం ఆల్కహాల్ కలపాలట. మందుల షాపులో స్పిరిట్ దొరుకుతుందని తట్టలేదు పాపం. ఏకాదశికి కాఫీ కూడా మానేసే మనిషి, పట్టపగలు స్టీలు గ్లాసు పట్టుకుని ఎదురు క్వార్టర్‌కి వెళ్లి రమ్ము అడిగారు. సాయంత్రానికి ఆ ఇంటావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“దీదీ, భయ్యాజీ కబ్ సే పీనే లగే?”

తాగుడు ఎప్పుడు మొదలైందని. “ధనియాల కోసం,” అన్నాను. ఆవిడ నాకేసి ఇంకా జాలిగా చూసింది.

రమ్ములో కలిపిన ఆ మందు ట్రేలో సగానికి పోసేసరికి నేను అడ్డం నిలబడ్డాను.

“ఈ సగం నాకొగ్గేయండి.”

“ఒగ్గేస్తే ఏటి చేస్తావు? చచ్చిన గింజలు.”

“చచ్చినవే ఒగ్గేయండి.”

మందు పోసినవి లేచాయి, అబద్ధమెందుకు? సన్నగా, పొడుగ్గా, పాలిపోయి, జ్వరం మంచం దిగినవాళ్లలా లేచాయి. తాతగారు ఫోటోలు తీసి మీ అందరికీ పంపారు. మీరు చప్పట్లు పంపారు. ఆ చప్పట్లు ఆగేలోపే మధ్యాహ్నం ఎండకి అన్నీ వాలిపోయాయి. ఆయన గొడుగు పట్టుకుని ట్రే మీదకి వంగి నిలబడ్డారు.

“లేచాయి కదే...” అన్నారు.

“లేచాయండీ. లేపడం వరకే కదా మీరు చూసుకున్నది.”

నా సగం మట్టి జల్లించి, గింజలు ఏరి, నీడన ఆరబెట్టి, గుడ్డలో కట్టి చల్లని మూల పెట్టాను. దీపావళి వెళ్లి చలి తిరిగాక పెరట్లో కుళాయి పక్కన చల్లాను. చాలావరకు రాలేదు. ఎండకి ఉడికినవి ఉడికిపోయాయి. కానీ కొన్ని వచ్చాయర్రా! ఏ మందూ లేకుండా, కురచగా, ముదురు పచ్చగా. రెండాకులు నలిపి వాసన చూశాను. అదే.

ఈ ఏడు ఒక్క రెమ్మ కొయ్యలేదు. చారులోకి బజారు కొత్తిమీరే. ఇప్పుడు పూత మీదున్నాయి, తాతగారు రోజూ పొద్దున్నే వచ్చి పరీక్షగా చూస్తున్నారు.

“గింజ కట్టాక నాకూ కొన్ని ఇస్తావేటే?” అన్నారు నిన్న.

“ఎప్పుడు వేస్తారండీ?”

కాస్త ఆలోచించారు. “నువ్వు చెప్పినప్పుడే.”

సంతోషం. ఆయన మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. అందుకే పెద్దదానా, గింజ రాగానే సగం నీకు పుణె పంపేస్తున్నాను. ఈ రకం మొత్తం ఆయనున్న ఇంట్లోనే ఉంచేంత ధైర్యం నాకు లేదు.