కోవాలో పోయిన పాలు

నేను లెక్కలు రాసే పాల కేంద్రానికి ఫండు వాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సరిగా దిగలేదు.

ఫండు అంటే ఏమిటో ఊళ్ళో వాళ్ళకు నేనే చెప్పాల్సి వచ్చింది. అది ఎక్కడో విదేశంలో ఉన్న కంపెనీ. ఆసుపత్రులు, పైపుల ఫ్యాక్టరీలు, గోడౌన్లు, ఏది బాగుంటే అది కొంటుంది. కొన్నేళ్ళు నడిపి, పెంచి, ఇంకొకరికి అమ్మేస్తుంది. మా ప్రైవేటు డెయిరీలోనూ పెద్ద వాటా కొనింది. పొద్దున పూట అయిదువందల లీటర్లు రాని కేంద్రాలను మూసేస్తారని కబురు. బైరకూరు పక్కనున్న ఈ ఊళ్ళో మా కేంద్రం మూస్తే, తర్వాతి కేంద్రం ఆరు కిలోమీటర్లు. ఒక్క ఆవు ఉన్న ఇళ్ళు నాలుగు లీటర్ల కోసం అంత దూరం పోవు.

నా సొంతూరు బంగారు గని పక్కనున్న ఆండర్సన్‌పేట. గని మూతపడే ముందు కూడా ఎవరో వచ్చి కాగితాలు చూసిపోయినారని మా నాయన చెప్పేవాడు. కాగితాలు చూసేవాళ్ళంటే నాకు అందుకే గుబులు. లెక్కలు నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చేస్తూ చేస్తూ పట్టుకున్నాను. నా రిజిస్టరులో పొయ్యని పాలు ఒక్క చుక్క లేవు. మూడు నెలల సగటు అయిదువందల ఇరవై. భయమేమీ లేదని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున క్యాన్లు తేలిగ్గా వచ్చాయి. రోజూ పది లీటర్లు పోసే ఊళ్ళో అక్క ఒకామె ఆరే పోసింది. ఆమె వెనక ఇంకొకామె, అదే కథ. అన్నీ కలిపితే నాలుగువందల ముప్పై ఒకటి.

మధ్యాహ్నం ఫండు తరఫున వచ్చింది ఒక కుర్రాడు, బెంగళూరు మనిషి. రిజిస్టరు చూశాడు, ట్యాంకు చూశాడు. "సార్, తప్పు ఈ పుస్తకానిదా, ఈ రోజుదా?" అన్నాడు.

అంతలో అక్క పెద్ద పళ్ళెం పట్టుకుని వచ్చింది, నిండా పాలకోవా. వెనకే మిగతా ఇళ్ళ ఆడవాళ్ళు, ఇంకా కోవా పళ్ళేలు, పాయసం గిన్నెలు, పెరుగు కుండలతో.

"దేశం దాటి వచ్చిన కంపెనీ అంట గదప్పా! ఉత్త చేతులతో పంపిస్తామా?" అంది అక్క.

తగ్గిన పాలు ఎటు పోయాయో అప్పుడు అర్థమైంది. గిన్నెలన్నీ తూకం వేశాను. కోవా పదకొండు కిలోలు, కిలోకు అయిదు లీటర్ల లెక్కన యాభై అయిదు. పాయసంలో పద్దెనిమిది, పెరుగులో పదమూడు. మొత్తం ఎనభై ఆరు. కాగితం మీద రాసి అతని ముందు పెట్టాను. మూడు లీటర్లు మాత్రం తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.

అతను నవ్వి, కోవా ముక్క నోట్లో వేసుకున్నాడు. "మా రిపోర్టులో కోవాకు గడి లేదు సార్. నెల తర్వాత మళ్ళీ వస్తాను. ఆ రోజు ట్యాంకులో ఎంతుంటే అంతే."

ఆ నెలంతా రాత్రిళ్ళు లీటర్లు కూడుతూ పడుకున్నాను. రెండోసారి వచ్చే ముందు రోజు ఇల్లిల్లూ తిరిగి చెప్పాను, ఎవరూ ఏమీ చేయొద్దని, ఉన్న పాలన్నీ పొయ్యమని.

"నీ లెక్కలో మర్యాదకు జాగా యాడా లేదా?" అంది అక్క.

"లేదక్కా. ఈ ఒక్కరోజుకి లేదు."

"ఇంగ నీ ఇష్టం. నీకు పెండ్లాం అన్నం ఎట్ల పెడుతుందో, తూకం వేసే పెడుతుందా?"

మర్నాడు అయిదువందల ఇరవై ఎనిమిది వచ్చాయి. కుర్రాడు ట్యాంకు చూసి, ఫోనులో ఏదో నొక్కి, "ఈ కేంద్రం ఉంటుంది" అన్నాడు.

అక్క కాఫీ తెచ్చింది. గ్లాసులో నల్లటి డికాక్షను, చక్కెర. అతను తాగబోయి ఆగాడు.

"పాల కేంద్రంలో పాలు లేవా?"

అక్క నా వైపు చూడలేదు. "ఉండాది గదప్పా, ట్యాంకులో" అంది. "ఒక్క చెంచా తీసినా మీ లెక్క తప్పుతుందని పోసేసినాం."

అతను ఆ డికాక్షను చివరి గుక్క వరకు తాగాడు. నేనూ తాగాను.