సీసాలో మా ఊరి నీళ్లు

బాన్సువాడలో నీళ్ల ట్యాంకు కడిగిన రోజున మా కుళాయి తిప్పగానే బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంటుంది. చాయ్ కూడా అదే వాసన కొడుతోందని మా కోడలు గ్లాసు పక్కకు నెట్టేస్తుంది. నేను మాత్రం కుళాయి దగ్గర ఇంకాసేపు నిలబడి ఆ ఘాటును పీల్చుకుంటాను. చాలామందికి అది ఆస్పత్రి వాసన. నాకది గండం గడిచిన వాసన. ఎందుకంటే ఎనిమిదో తరగతి చదువుతున్న సంవత్సరం, పదమూడేళ్ల వయసులో, నేను కొన్ని నెలలపాటు మంచినీళ్లకు భయపడి బతికాను.

డెబ్బైల చివరి రోజులవి. మాది పెద్ద కొడప్‌గల్ దారిలో బస్సు దిగి మైలు దూరం నడిస్తే వచ్చే మెట్ట ఊరు. బీర్కూర్ వైపు కాలువ పారుతుంది కనుక అక్కడ వరి, చెరుకు పచ్చగా ఊగుతుండేవి. మా దగ్గర జొన్న, కంది, పెసర, గట్ల మీద సీతాఫలం చెట్లు. ఊరంతటికీ తాగడానికి ఒకటే దిగుడు బావి. వానాకాలంలో నీళ్లు పై మెట్ల దాకా వచ్చేవి. చలికాలానికి సగానికి దిగి, శివరాత్రి దాటాక ఒక్కో మెట్టూ బయటపడుతూ, ఎండలు ముదిరేసరికి అడుగున పచ్చటి మడుగు మిగిలేది. ఆడవాళ్లు పాచి పట్టిన మెట్లు ఒడుపుగా దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, పైన తేలే నాచును అరచేత్తో పక్కకు తోసి బిందె ముంచేవారు. ఆ నీళ్లు మా ఇంటి మట్టి రంజన్‌లో ఒక పూట నిలిస్తే ఎంత తియ్యగా ఉండేవో! మిట్టమధ్యాహ్నం దాకా కచ్చకాయలు ఆడి వచ్చి ముంతెడు గటగటా తాగితే, గొంతు నుంచి కడుపు దాకా ఆ చల్లదనం దిగడం తెలిసేది.

ఆ ఎండలతోపాటే నారి కురుపు వచ్చేది. ఏటా నలుగురైదుగురు అరుగుల మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు. చీలమండ దగ్గరో పిక్క మీదో ముందు మంట, తర్వాత పొక్కు. పొక్కు చితికాక అందులోంచి తెల్లటి దారం కొస లాంటిది తొంగిచూసేది. దాన్ని చీపురు పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా తిప్పుతూ నెల రోజులపాటు బయటికి తీయాలి. తెగితే అంతే సంగతులు. మల్లయ్య తాతకు అట్లా తెగే కాలు బిగుసుకుపోయింది. ఆయన కర్ర చప్పుడు వీధి చివర వినిపిస్తే పిల్లలం ఆట ఆపి ఆయన మోకాలి వంక చూసేవాళ్లం. కాలిలోని నరం చెడి బయటికి వస్తుందని ఊళ్లో అందరి నమ్మకం. ఎందుకు చెడుతుందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఐదో తరగతి తర్వాత బాపు నన్ను బాన్సువాడలో మా మేనత్త ఇంట్లో ఉంచి హైస్కూల్లో చేర్పించాడు. చలికాలం పొద్దున బడికి పోయే దారంతా చెరుకు బండ్లు; బెల్లం కాగే తీపి వాసన మంచులో కలిసి మా బట్టలకు పట్టుకునేది. చదువంటే అప్పటిదాకా నాకు తెలిసింది అప్పజెప్పడం, తప్పితే బెత్తానికి చేయి చాపడం. ఎనిమిదిలో కృష్ణమూర్తి సారు వచ్చాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి బీర్కూర్ దగ్గర కాలువ కింద పొలం చేసుకుంటున్న రైతు. సారు మాటతీరు మాకు వింతగా ఉండేది, వెనక బెంచీలో వెక్కిరించేవాళ్లం కూడా. ఆయన బెత్తం పట్టలేదు. బీరువాలో ఏళ్ల తరబడి తాళంలో ఉన్న సూక్ష్మదర్శినిని బయటికి తీసి, దుమ్ము తుడిచి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టాడు.

శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యేసరికి వైజ్ఞానిక ప్రదర్శన దగ్గరపడింది. మగపిల్లలు నిప్పులు కక్కే కొండ చేస్తామన్నారు. మా ఆడపిల్లల జట్టుకు సారు చాలా తేలిక పని చెప్పాడు. ఎవరి ఊరి తాగునీళ్లు వాళ్లు సీసాలో పట్టుకురావాలి. సూక్ష్మదర్శినిలో ఏం కనిపిస్తే అది బొమ్మ గీయాలి. "పుస్తకంలో ఉన్నది కాదర్రా, కంటికి కనపడిందే గీయండి," అన్నాడు.

సోమవారం నాడు సారు మా సీసాలన్నీ వరసగా చూస్తూ ఒకచోట ఆగిపోయాడు.

"ఈ సీసా ఎవరిదమ్మా?"

"నాదే సార్."

"ఇలా రా. కదలకుండా చూడు."

ముందు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత గుండ్రటి వెలుగు. ఆ వెలుగులోకి ఒక జీవి ఎగిరి దూకినట్టు వచ్చింది. గాజులాంటి ఒళ్లు, చీలిన తోక, రెండు పక్కలా వేలాడే గుడ్ల సంచులు, నుదుటి మధ్య ఒకే ఒక్క నల్లటి కన్ను. అది నన్నే చూస్తున్నట్టనిపించి ఉలిక్కిపడి వెనక్కి జరిగాను.

"మీ ఊళ్లో ఎవరికైనా నారి కురుపు ఉందా?" సారు గొంతు తగ్గించి అడిగాడు.

"ఉంది సార్. మా బాపమ్మకే ఉంది."

బాపమ్మ అంటే మా నాన్నకు అమ్మ. సారు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. కురుపున్న కాలు నీళ్లలో పెడితే ఆ తెల్లటి దారం తన పిల్లల్ని నీళ్లలోకి వదులుతుందని, ఈ ఒంటికన్ను పురుగు వాటిని మింగుతుందని, నీళ్లతోపాటు మనం ఆ పురుగును మింగుతామని చెప్పాడు. ఆ దారం నరం కాదు, పాములాంటి పురుగు. ఏడాదిపాటు ఒంట్లో పెరిగి, మళ్లీ వేసవికి కాల్లోంచి బయటికి వస్తుంది. "ప్రతి ఒంటికన్ను పురుగులోనూ ఆ పిల్లలు ఉండవమ్మా. ఈ సీసాలో దాంట్లో ఉన్నాయో లేదో నేను చెప్పలేను," అన్నాడు. తెల్లబట్ట రెండు మడతలు వేసి నీళ్లు వడకడితే చాలు, పురుగు బట్ట మీదే ఆగిపోతుందని కూడా అన్నాడు.

నాకు వినిపించింది ఒక్కటే మాట, ఏడాది.

అంటే పోయిన ఎండాకాలం తాగింది ఇప్పుడు లోపల ఉంది. నేను వెనక్కి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. కచ్చకాయలాట తర్వాత తాగిన ముంతలు. మామిడికాయ పచ్చడి నమిలి నాలుక మండి తాగిన చెంబు. జొన్న గట్క తిన్నాక తాగిన నీళ్లు. నాకు ఇష్టమైనవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తూ, గుర్తొచ్చిన ప్రతిదాంట్లోనూ ఆ కన్ను కనిపించింది. పాఠం నడుస్తుంటే బల్ల కింద చీలమండలు తడుముకునేదాన్ని. దోమ కుట్టినా దీపం దగ్గరికి పోయి చూసుకునేదాన్ని. మేనత్త ఇంట్లో బోరింగు నీళ్లే అయినా దాహం వేసేదాకా ఆగి, ఆగి, కళ్లు మూసుకుని తాగేదాన్ని.

శనివారం ఊరికి పోయేసరికి మా చెల్లె పద్మ రంజన్ దగ్గర ముంత నోటికి ఎత్తుకుని ఉంది. దానికి ఐదేళ్లు. పరుగెత్తి ముంత లాగి విసిరేశాను. నీళ్లు దాని ఒంటి నిండా పడ్డాయి, అది బిక్కచచ్చిపోయి ఏడ్చింది.

"ఏం పుట్టిందే నీకు?" అని అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది.

"నీళ్లల్ల పురుగులున్నయి. నేను జూసిన!"

బాపమ్మ అరుగు మీద పుల్ల కట్టిన కాలు చాపుకుని కూర్చుంది. "గా బాయి నీళ్లు తాగే మీ తాత బతికిండు, మీ బాపు పెరిగిండు. రెండు పుస్తకాలు సదివి మాకే జెప్పొస్తివా?" అని నవ్వింది.

అక్కడితో ఊరుకోవలసింది. "నువ్వు బాయిల దిగుతున్నవ్ గదా బాపమ్మా. నీ కాలికెల్లే పురుగులు నీళ్లల్లకు పోతున్నయి," అన్నాను.

బాపమ్మ నవ్వు ఆగిపోయింది. బాపు నా వంక చూసి, "ఇగ సాలు, లోపటికి పో," అన్నాడు. ఆ రెండు రోజులు బాపమ్మ నాతో మాట్లాడలేదు. నేను రంజన్ ముట్టుకోకుండా మజ్జిగతోనే గడిపాను. తిరుగు బస్సులో కూర్చున్నాక గానీ ఆ మజ్జిగలో కలిపినవీ ఆ నీళ్లేనని తట్టలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకున్నాను.

సారుకు చెప్పి ఏడ్చాను. పై ఆదివారం ఆయన హెడ్మాస్టరుకు కాగితం రాసిచ్చి, సూక్ష్మదర్శినిని తుండుగుడ్డలో చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని మా ఊరి బస్సెక్కాడు. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గట్టిగా అదుముకునేవాడు. పక్కన కూర్చున్న నాకు రెండు భయాలు: ఇది పగిలితే సారు గతేమిటి, ఊళ్లో ఆయన్ను ఎవరైనా మాట అంటే నా గతేమిటి.

మా ఇంటి ముందు పీట వేసి, మా రంజన్ నీళ్లు ఒక చుక్క వేసి, ఎండ పడేటట్టు అద్దం తిప్పి పెట్టాడు. జనం మూగారు. మొదట చూసినవాళ్లు నవ్వారు. తర్వాత నవ్వు తగ్గింది. మల్లయ్య తాత చూసి, కర్ర చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు. బాపమ్మను బాపు చేయి పట్టి నడిపించుకొచ్చి పీట దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు చూసింది. తల ఎత్తినప్పుడు ఆమె ముఖంలో నేను ఎన్నడూ చూడని భయం.

"సారూ, గిది నేనే తాపిన్నా నా మన్మరాండ్లకు?"

"మీకు తెలియదు కదమ్మా," అన్నాడు సారు.

"ఇప్పుడు తెల్సె గదా సారూ."

మర్నాటి నుంచి బాపమ్మ బావిలో దిగలేదు. మా తాత పాత ధోవతి చింపి మడతలు వేసి, బావి పైమెట్టు మీద కాలు చాపుకుని కూర్చునేదట. కురుపున్నవాళ్లు వస్తే దిగనిచ్చేది కాదు. వాళ్ల బిందెలు వేరేవాళ్ల చేతికిచ్చి ముంచి తెప్పించేది. పైకి వచ్చిన ప్రతి బిందెనూ ఆపి గుడ్డ వేసి వడకట్టించేది. తిట్టినవాళ్లు తిట్టారు. "తిట్టుండ్రి, గని గుడ్డేసి పొయ్యుండ్రి," అనేదట. వడకట్టిన గుడ్డను ఇత్తడి పళ్లెంలో జాడించి ఎండకు పెడితే తెల్లటి నలుసులు గెంతుతూ కనిపించేవి. వాటిని చూపించాక తిట్లు కొంత తగ్గాయని అమ్మ చెప్పింది.

ప్రదర్శనలో మా బల్ల మీద సీసా, గుడ్డ, నేను గీసిన ఒంటికన్ను బొమ్మ. చూడవచ్చిన పెద్దమనిషి "ఇందులో ప్రయోగమేముంది?" అని నిప్పులు కక్కే కొండ వైపు వెళ్లిపోయాడు. బహుమతి దానికే వచ్చింది.

ఉగాది అయ్యాక పరీక్షలు. లెక్కల పరీక్ష రాస్తుండగా ఎడమ చీలమండ లోపలి పక్క మంట మొదలైంది. చూడకుండానే అర్థమైంది. మూడో రోజుకు పొక్కు వచ్చింది. అత్తకు చెప్పలేక, కుంటుకుంటూ సారు దగ్గరికి పోయి లంగా అంచు కొద్దిగా పైకి ఎత్తి చూపించాను. ఆయన వంగి చూశాడు. తన బల్ల సొరుగులోంచి కొత్త నోటుబుక్కు తీసి ఇచ్చాడు.

"రోజూ ఎంత బయటికొచ్చిందో స్కేలుతో కొలిచి రాయి. లాగొద్దు. భయమేస్తే, ఎంత భయమేసిందో కూడా రాయి."

పరీక్షలు అయిపోగానే ఊరికి పోయాను; అది పూర్తిగా బయటికి రావడానికి ఇరవై ఏడు రోజులు పట్టింది. అప్పటికి మానిపోయిన తన కాలు ముడుచుకుని కూర్చుని, బాపమ్మే పుల్ల తిప్పింది. తొట్టిలో నీళ్లు పోసి నా కాలు పెట్టించేది. మంట తగ్గాక ఆ నీళ్లు ఇంటి వెనక ఎండిన నేల మీద, బావికి దూరంగా పారబోసి, నేల ఆరేదాకా అక్కడే నిలబడేది. నోటుబుక్కులో ఒకరోజు రెండు అంగుళాలు, ఒకరోజు అర, మూడు రోజులు సున్నా. ఆ సున్నా రోజుల్లో మల్లయ్య తాత మోకాలే కళ్ల ముందు. ఓసారి ఓపిక పట్టలేక నేనే పుల్ల పట్టుకున్నాను. దారం బిగిసి, లోపల ఎక్కడో పిక్క దాకా లాగినట్టయింది. బాపమ్మ నా చేయి పట్టి ఆపింది. "వద్దు బిడ్డా. రేపొస్తది." ఆ రోజు పేజీలో 'చాలా భయం' అని మాత్రమే రాశాను. ఆఖరి రోజు అది సులువుగా జారి వచ్చేసింది. బాపమ్మ దాన్ని పొయ్యిలో వేసి, కట్టె ఎగదోసి, పూర్తిగా కాలిపోయేదాకా చూసింది.

పద్మకు ఆ వేసవిలో రాలేదు. మరుసటి వేసవిలో పొద్దున లేవగానే దాని పాదాలు పట్టుకుని చూసేదాన్ని, అప్పుడూ రాలేదు. ఆ ఏడు ఊళ్లో ఇద్దరికే వచ్చింది. తర్వాత చేతిపంపు పడింది, బావికి పోయేవాళ్లే లేరు. బాపమ్మ మాత్రం చనిపోయేదాకా పంపు నీళ్లు కూడా గుడ్డ వేసే పట్టింది. సారుకు బదిలీ అయింది. నోటుబుక్కును అటక మీద చెదలు తినేశాయి.

ఇప్పుడు బావి లేదు. మట్టి నింపి, గచ్చు చేసి, దాని మీద మక్కజొన్నలు ఆరబోస్తున్నారు. ఆ జబ్బే దేశంలో లేకుండా పోయింది. మా ఊరి పిల్లలకు దాని పేరు తెలియదు. పోయిన నెల కాలు వాచి దవాఖానకు పోతే, చిన్న వయసు డాక్టరు చీలమండ మీద మచ్చ చూసి ఇదేమిటమ్మా అని అడిగాడు. చెప్పాను. పుస్తకంలో రెండు ముక్కలు చదివాడట, మచ్చ చూడటం ఇదే మొదలని నర్సును కూడా పిలిచి చూపించాడు.

"చాలా నొప్పిగా ఉండేదామ్మా?"

"నొప్పి మరిచిపోయిన సారూ. భయమే మరువలే."

"పురుగంటే భయమా?"

వెనక జనం వరసలో ఉన్నారు, అందుకని అవునన్నాను. అది కాదు. ఊరంతా ముంతలు ఎత్తి హాయిగా తాగుతుంటే, ఆ నీళ్లలో ఏముందో నా ఒక్కదానికే తెలిసి, చెబితే వినేవాళ్లు లేని ఆ కొద్ది రోజులు. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ వేయలేదు.